స్మాల్ బండీ, లిటిల్ బండీ

"చిన్నా చితకా బళ్లవాళ్లకి ఎక్కడో ఒకచోట నిలువనీడ చూపించండయ్యా" అని పైనెక్కడో ఒక పెద్దమనిషి అన్నాడట. ఆ మాటను ఇంగ్లీషులో పెట్టవలసిన గుమాస్తా మహా నమ్మకస్తుడు. పెద్దవాళ్ల నోట రెండు మాటలు వస్తే ఒకటి రాసి ఒకటి మింగే రకం కాడు. చిన్నాకి స్మాల్ అని రాశాడు, చితకాకి లిటిల్ అని రాశాడు, ముద్ర కొట్టి పంపేశాడు. ఆ కాగితం అన్ని ఊళ్లకీ వెళ్లింది. మిగతా ఊళ్లలో దాన్ని ఓసారి చూసి బీరువాలో పడుకోబెట్టారు. నందివలసలో మాత్రం అది కమిషనరు గిరిజాశంకరం గారి చేతిలో పడింది.

గిరిజాశంకరం గారు మంచివారే. లంచం ముట్టరు, ఎవరినీ కసురుకోరు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే, ఇంగ్లీషు. ఈమధ్యే రాజధానికి వెళ్లి "పరిపాలనలో పద సునిశితత్వం" అనే శిక్షణ పొంది వచ్చారు. అక్కడ మెడలో వేసిన బిళ్లను ఊళ్లోకి వచ్చాక కూడా తీయలేదు. ఆయన కాగితాన్ని ఒకసారి చదివారు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు.

"స్మాల్ అండ్ లిటిల్," అన్నారు. "ప్రభుత్వం ఒక్క మాట కూడా అదనంగా రాయదు. రెండు మాటలు రాసిందంటే రెండు వర్గాలు ఉన్నాయన్నమాట. ఆ వర్గాల నిర్ధారణ జరగనిదే పథకం అమలు అన్న ప్రశ్నే ఉత్పన్నం కాదు."

ఇలా మొదలైంది. ఇది వచ్చి వచ్చి బస్టాండు గేటు పక్కన దిబ్బరొట్టెలు కాల్చుకునే పైడితల్లి నెత్తిన పడుతుందని అప్పుడెవరూ అనుకోలేదు.

పైడితల్లి మొగుడు కాలు విరిగి ఇంటిపట్టున ఉంటాడు. అతను కూర్చుని మినప్పిండి రుబ్బుతాడు, ఆమె బండి తోసుకొస్తుంది. బస్సు దిగినవాడు ముందు అడుగు వేసేది ఆమె బండి ముందే. రొట్టె సన్నటి సెగ మీద అడుగున ఎర్రగా, కరకరలాడుతూ కాలుతుంటే డ్రైవర్లు కదలరు, కండక్టర్లు విజిల్ ఊదరు. ఆ గేటు పక్క చోటే ఆమెకు పొలం, ఆమెకు ఉద్యోగం. ఆ చోటు పోతే మిగిలేది ఇనప మూకుడు ఒక్కటే.

టౌన్‌హాల్లో మీటింగని దండోరా వేస్తే బళ్లవాళ్లంతా వెళ్లారు. పైడితల్లి పక్కన టీబండి సింహాచలం కూర్చున్నాడు. అతను ఆమెకు చుట్టమేం కాడు గాని సొంత అక్కను పిలిచినట్టు అప్పా అని పిలుస్తాడు, ఆమె బండికి చక్రం ఊడితే అతనే బిగిస్తాడు. వేదిక మీద కమిషనరు గారి పక్కన కాలేజీ ఇంగ్లీషు లెక్చరరు సత్యప్రసాదు గారు ఉన్నారు. ఆయన్ని ఆ ఉదయమే మునిసిపాలిటీకి విశేషణ సలహాదారుగా నియమించారు. బళ్లవాళ్లకు విశేషణం అంటే ఏమిటో తెలియదు గాని, శాలువా కప్పారు కాబట్టి పెద్ద పదవే అనుకున్నారు.

"స్మాల్ అనేది కొలత," అన్నారు సత్యప్రసాదు గారు. "టేపు పెడితే తెలిసిపోతుంది. స్మాల్ గది, స్మాల్ పెట్టె. చూస్తే మనకేమీ అనిపించదు. లిటిల్ అలా కాదు. అందులో కొలతతో పాటు కొంచెం మనసుంటుంది. లిటిల్ బర్డ్ అంటే ఉత్త పిట్ట కాదు, అయ్యో పాపం పిట్ట. ముద్దన్నా రావాలి, జాలన్నా కలగాలి. అప్పుడే లిటిల్."

సింహాచలం లేచి నిలబడ్డాడు. "మాస్టారూ, మరి నన్నేటనాల?"

"నీ ఎత్తెంత?"

"అందర్లోకీ పొట్టోణ్ణి నానే బావూ."

"నిన్ను చూస్తే మీ ఆవిడకు ఏమనిపిస్తుంది?"

"ఏటీ అనిపించదని మొన్ననే సెప్పింది."

"అయితే స్మాల్," అన్నారు సత్యప్రసాదు గారు ఏమాత్రం నవ్వకుండా. హాలంతా నవ్వింది. కమిషనరు గారు మాత్రం ఆ ఉదాహరణను రాసుకున్నారు.

"ఇంకొక సంగతి," అన్నారు లెక్చరరు గారు. "స్మాల్‌ని పోల్చవచ్చు. దీనికన్నా అది స్మాలర్, అన్నిట్లోకి ఇది స్మాలెస్ట్. లిటిల్‌ని సాధారణంగా అలా పోల్చరు. మరొకటి. స్మాల్ అన్న మాట వస్తువు పేరుకి ముందూ వస్తుంది, బండి ఈజ్ స్మాల్ అని చివరా వస్తుంది. లిటిల్‌కి ముందు నిలబడ్డమే ఇష్టం."

"లిటిల్ ముందు నిలబడవలెను," అని కమిషనరు గారు పక్కనున్న గుమాస్తాకు చెప్పి రాయించారు. మూడో రోజుకల్లా అది ఉత్తర్వై బయటికొచ్చింది. స్మాల్ బళ్ల యజమానులు బండికి ముందైనా వెనకైనా నిలబడవచ్చును. లిటిల్ బళ్ల యజమానులు విధిగా బండికి ముందే నిలబడవలెను. పొయ్యి వెనకా తను ముందూ ఉంటే రొట్టె ఎలా తిప్పాలని పైడితల్లి అడిగింది. ఆ అంశం పరిశీలనలో ఉన్నదని చెప్పారు.

ఉత్తర్వులో అసలు దెబ్బ కింది పేరాలో ఉంది. స్మాల్ బళ్లు కొలతకు సంబంధించినవి కనక బస్టాండులోనే పచ్చగీతల మధ్య ఉంటాయి. లిటిల్ బళ్లు సుకుమార వర్గం కనక, వాటిని "రణగొణ ధ్వనుల నుండి పరిరక్షించు నిమిత్తం" ఊరవతల పాత పశువుల సంత మైదానంలో కట్టిన లిటిల్ పార్కుకి తరలిస్తారు. పార్కు బాగానే కట్టారు. గోడల నిండా సీతాకోక చిలుకలు, గేటు మీద ఇంద్రధనుస్సు. లేనిదల్లా మనుషులు. అటు బస్సు పోదు, ఆటో పోదు, సంత ఎత్తేశాక పశువులు కూడా పోవడం మానేశాయి.

"అంటే ఏటప్పా," అన్నాడు సింహాచలం ఇంటిదారిలో. "మన బండి మీద ఆళ్లకి పేమ పుట్టిందో, మనం సచ్చినట్టే."

"పుట్టకపోతే?"

"పుట్టకపోతే బతికినట్టే."

వర్గ నిర్ధారణకు సంఘం వేశారు. పేరు అనుభూతి నిర్ధారణ సంఘం. కమిషనరు గారు అధ్యక్షులు, సత్యప్రసాదు గారు సలహాదారు, టేపు పట్టుకోవడానికి సర్వేయరు జోగినాయుడు. బండి దగ్గరికి వస్తారు. జోగినాయుడు కొలుస్తాడు. తర్వాత ముగ్గురూ చేతులు కట్టుకుని బండిని కాసేపు మౌనంగా చూస్తారు. ప్రేమ కలిగినవారు చెయ్యెత్తాలి. ఇద్దరి చేతులు లేస్తే లిటిల్.

మొదటి రోజు బుడగలవాడి దగ్గరికి వెళ్లారు. అతను మంచి చేసుకుందామని ఒక ఎర్రబుడగ ఊది కమిషనరు గారి చేతికిచ్చాడు. మూడు చేతులూ లేచాయి. సాయంత్రానికి అతన్ని సీతాకోక చిలుకల మధ్యకు పంపేశారు. మల్లెపూల మహలక్ష్మి వాసనతోనే దొరికిపోయింది. ఎండుచేపల బండి దగ్గర జోగినాయుడి చెయ్యి ఒక్కటే లేచింది. మిగతా ఇద్దరూ ముక్కు మూసుకుని అతని వంక చూశారు. అతను చెయ్యి దించి, అది వ్యక్తిగతం అన్నాడు.

ఆ ఉదాహరణలు చూశాక బస్టాండుకి జ్ఞానోదయమైంది. జామకాయలవాడు నవనవలాడే కాయల మీద గోనెపట్టా కప్పేశాడు. చెరకురసం తాత మిషనుకి కట్టిన గజ్జెలు విప్పేశాడు. సింహాచలం టీలో పంచదార మానేసి, బండికి ఒక తెగిన చెప్పు వేలాడదీసి, వచ్చినవాడినల్లా "ఏటి?" అని గద్దించడం మొదలెట్టాడు. సోడాల సన్యాసమ్మ ఇంకా తెలివైంది. సంఘం రాగానే జోగినాయుడి ముత్తాత దగ్గర్నుంచి అందుకుని తిట్టింది. సంఘం అక్కడికక్కడే ఆమెకు ధ్రువపత్రం రాసిచ్చింది. "నిస్సందేహంగా స్మాల్," అన్నారు సత్యప్రసాదు గారు చెమట తుడుచుకుంటూ. అప్పట్నుంచి సన్యాసమ్మ దగ్గరికి తిట్లు నేర్చుకోవడానికి జనం వెళ్లేవారు. బస్సు దిగిన ప్రయాణికులకు ఏమీ అర్థమయ్యేది కాదు. ఈ ఊరికేదో గాలి సోకిందనుకుని, దాహం వేసినా దిగకుండా కూర్చునేవారు.

కష్టమంతా పైడితల్లికే వచ్చింది. ఆమెకు తిట్లు రావు. మొహం కూడా ఆమె మాట వినదు.

"మొకం మాడ్సుకో అప్పా," అని సింహాచలం నేర్పించాడు. "పళ్లు బిగబట్టు. కనుబొమలు దగ్గరికి లాగు. అదీ. అలగే ఉండు."

ఆమె అలాగే ఉంది. గేటులోంచి వస్తున్న బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "పన్ను పోటా వదినా, లవంగం పెట్టుకో," అన్నాడు. ఆమెకు నవ్వొచ్చేసింది. సింహాచలం తల పట్టుకున్నాడు.

మొహంతో కాదని తేలాక ఉపాయం పిండితో ఆలోచించారు. బండి కింద వేరే గిన్నెలో కాస్త పిండి తీసి, అందులో దోసెడు ఉప్పు కలిపి దాచారు. సంఘం వచ్చినప్పుడు ఆ పిండితో మాడిన రొట్టె ఒకటి తీసి పెట్టాలి. నోట్లో పెట్టుకున్నవాడికి ఏడు జన్మలదాకా ఆ బండి మీద ప్రేమ పుట్టకూడదు. మొగుడు కూడా సరేనన్నాడు గాని, తను రుబ్బిన పిండిలో ఉప్పు దోసిట్లో పడుతుంటే చూడలేక మొహం అటు తిప్పుకున్నాడు.

సంఘం రావలసిన రోజు పైడితల్లి తెల్లవారకముందే వచ్చి పొయ్యి రాజేసింది. మొదటి బస్సు డ్రైవరే రోజూ ఆమెకు బోణీ. అతను తినేసి వెళ్తాడు, తర్వాత సంఘం వస్తుంది, తర్వాత ఉప్పు. అంతా అనుకున్నట్టే ఉంది. ఆవేళ మొదటి బస్సు మాత్రం దారిలో ఎక్కడో టైరు పంచరై ఆగిపోయింది. దాని బదులు కమిషనరు గారి జీపు వచ్చింది.

జోగినాయుడు దిగి టేపు లాగాడు.

"ఆగండి బావూ," అంది పైడితల్లి. "ఇంకా బోణీ అవనేదు. బోణీ అవకుండా బండి మీద సెయ్యెయ్యకూడదు."

"మేము వినియోగదారులం కాము," అన్నారు సత్యప్రసాదు గారు. "పరిశీలకులం."

"పరిశీలకులైతే ఇంకా ముందు బోణీ సెయ్యాల."

గిరిజాశంకరం గారి తండ్రికి ఒకప్పుడు బట్టలకొట్టు ఉండేది. బోణీ కాకముందు కొట్టు ముందు నిలబడి ఊరికే మాట్లాడేవాణ్ణి ఆయన కూడా తరిమేవాడు. "సరేనమ్మా, ఒకటి వెయ్యి. ముగ్గురం రుచి చూస్తాం," అన్నారు కమిషనరు గారు, తనకు తెలియకుండానే.

పైడితల్లి బండి కిందికి వంగింది. ఉప్పు గిన్నె చేతికి తగిలింది. దాన్ని పట్టుకుంది, పైకెత్తింది, అక్కడే ఆగిపోయింది. బోణీ రొట్టె చెడగొట్టడమా? పాపిష్టి చేత్తో బోణీ చేసిన బండికి సాయంత్రం దాకా శని. అత్తగారు మూకుడు చేతికిచ్చేటప్పుడు చెప్పిన మాట ఇదొక్కటే: మొదటి రొట్టె తినేది దొంగైనా దొరైనా వాడికి బాగా పెట్టు, మిగతా వాళ్ల సంగతి నీ ఇష్టం. ఆమె తనను తాను తిట్టుకుంటూనే ఉప్పు గిన్నె కింద పెట్టేసింది. మంచి పిండి తీసి మూకుట్లో పోసింది. మూత పెట్టింది. ఇక చేసేదేముంది, బోణీ రొట్టె కాబట్టి సెగ కూడా తగ్గించింది.

రొట్టెను ముక్కలు చేసి అడ్డాకుల్లో పెట్టి, పక్కన అల్లం పచ్చడి వేసి ఇచ్చింది. ముగ్గురూ తిన్నారు. గిరిజాశంకరం గారి కళ్లజోడు మీద ఆవిరి పట్టింది. అది రొట్టె ఆవిరో మరొకటో ఆయన చెప్పలేదు.

జోగినాయుడు చివరికి టేపు పెట్టి చూశాడు. "సార్, కొలతకి ఇది స్మాల్ కూడా కాదు. బస్టాండులో ఇంతకన్నా పెద్ద బండి లేదు."

"కొలతది ఏముందయ్యా," అన్నారు సత్యప్రసాదు గారు. "మనసే ప్రధానం." ఆయన చెయ్యి అప్పటికే పైకి లేచి ఉంది. మిగతా రెండూ లేచాయి.

జీపు వెళ్లిపోయాక పైడితల్లి బండి చక్రానికి ఆనుకుని కూలబడింది. సింహాచలం పరిగెత్తుకొచ్చాడు.

"ఉప్పు పిండేటయిందప్పా?"

"బోణీ రా," అంది ఆమె.

సింహాచలానికి అర్థమైంది. తనూ బండివాడే. వెళ్లి, ఆ రోజుల్లో ఎవరికీ వేయని పంచదార వేసి ఒక టీ తెచ్చిచ్చాడు.

మర్నాడు ఆఫీసుకి రమ్మని కబురొచ్చింది. ధ్రువపత్రం తీసుకుని, సంతకం పెట్టి, ఆ సాయంత్రమే పార్కుకి బండి తరలించాలి. పైడితల్లి వెళ్లేసరికి కమిషనరు గారి గదిలో సత్యప్రసాదు గారితో పాటు ఒకావిడ కూర్చుని ఉంది. ఏటేటా వచ్చే ఆడిటు అధికారిణి వసుంధరాదేవి గారు. ఆవిడకు ఎదురుగా టీ ఉంది గాని ముట్టుకోలేదు. ఆడిట్లో ఉండగా ఆవిడ ఎవరి టీ తాగదు, ఎవరి నమస్కారానికీ నవ్వదు.

కమిషనరు గారు పైడితల్లికి ఇవ్వబోయిన కాగితాన్ని ఆవిడ మధ్యలోనే అందుకుని పైకి చదివింది.

"నందివలస బస్టాండు నందలి దిబ్బరొట్టెల బండిపై కమిషనరు, సలహాదారు, సర్వేయరు గార్లకు ప్రేమ కలిగినదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసింది. "ఈ ప్రేమ ఎవరి అనుమతితో కలిగింది?"

"అది... విధి నిర్వహణలో కలిగింది మేడమ్."

"కలగడానికి కారణం?"

"దిబ్బరొట్టె," అన్నాడు గుమ్మం దగ్గర నిలబడ్డ జోగినాయుడు, అడగకపోయినా.

"మీరు తిన్నారా?"

"బోణీ చెయ్యమంటేనూ..." అని నసిగారు కమిషనరు గారు.

వసుంధరాదేవి గారు కలం మూత తీసింది. "అంటే, ముగ్గురు ఉద్యోగులు ఒక వ్యాపారి చేతి తిండి తిన్నారు. తిన్నాక ఆ వ్యాపారి బండి మీద ప్రేమ కలిగింది. ప్రేమ కలిగాక ఆ వ్యాపారికి ప్రభుత్వ సొమ్ముతో కట్టిన కొత్త పార్కులో స్థలం ఇచ్చారు. నేను చెప్పిన వరస సరిగా ఉందా?"

ఆవిడ చెప్పిన వరసలో తప్పేమీ లేదు. అదే భయంకరంగా ఉంది. సత్యప్రసాదు గారు ఇంగ్లీషులో ఏదో మొదలుపెట్టి మధ్యలో మరచిపోయారు.

"ఇది పక్షపాతమంటారు," అంది వసుంధరాదేవి గారు. "ఉద్యోగికి ప్రజల పట్ల గౌరవం ఉండవచ్చు. ప్రేమ ఉండరాదు. దీని మీద విచారణ జరుగుతుంది." ఆవిడ పైడితల్లి వైపు తిరిగింది. "ఏమ్మా, నిజం చెప్పు. వీళ్లకు నీ మీద ప్రేమ ఉందా?"

పైడితల్లి ఉందంటే కమిషనరు బాబు ఉద్యోగం పోయేలా ఉంది. లేదంటే కాగితంలో ఉన్న మాటను కాదన్నట్టవుతుంది. కడుపులో ఉన్నదే నోటికొచ్చింది.

"పేమే ఉంటే నన్ను ఊరవతలికి తోలేత్తారా అమ్మా?"

వసుంధరాదేవి గారి కలం ఆగింది.

గిరిజాశంకరం గారు మునిగేవాడికి తాడు దొరికినట్టు ఆ మాట పట్టుకున్నారు. "సరిగ్గా అదే మనవి చేయబోతున్నాను మేడమ్. మాకు ఎలాంటి ప్రేమా లేదు. ఎన్నడూ లేదు. ఆ బండిని చూస్తే మాకేమీ అనిపించదు."

"నాకైతే అసలు అనిపించదు," అన్నారు సత్యప్రసాదు గారు.

"నాకు ఎండుచేపల మీద కూడా లేదు," అన్నాడు జోగినాయుడు.

"అలా అయితే రాతపూర్వకంగా ఇవ్వండి," అంది వసుంధరాదేవి గారు. "ఒక్క బండి గురించి కాదు. ఊళ్లో ఏ బండి మీదా లేదని ఇవ్వండి. నేను ఇంకా కొంతకాలం ఈ ఊళ్లోనే ఉంటాను. నిజంగా లేదో, పైకి లేదంటున్నారో చూస్తాను."

ఆ సాయంత్రమే కొత్త ఉత్తర్వు వచ్చింది. నందివలస మునిసిపాలిటీ పరిధిలో అధికారులకు కలిగిన ప్రేమలన్నీ, కలిగిన నాటి నుండి వర్తించేలా రద్దు చేయడమైనది. ఊళ్లోని బళ్లన్నీ స్మాల్. బుడగలవాడు ఇంద్రధనుస్సు కింద నుంచి బండి తోసుకుంటూ, దారిపొడుగునా బుడగలు ఊదుకుంటూ వచ్చేశాడు. మల్లెపూల మహలక్ష్మి వెనకే వచ్చింది. కట్టిన పార్కు ఖాళీగా ఉంటే అదొక ఆడిటు అభ్యంతరం అవుతుంది కనక, అనుభూతి నిర్ధారణ సంఘం కార్యాలయాన్ని అక్కడికి మార్చారు. సత్యప్రసాదు గారు రోజూ వెళ్లి సీతాకోక చిలుకల ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటారు. పనేమీ లేదు గాని పదవి ఉంది.

పైడితల్లి గేటు పక్కనే ఉంది. పచ్చగీతలు ఆమె బండికి సరిపోక రెండు చక్రాలు బయటే ఉంటాయి. ఎవరూ ఏమీ అనరు, ఎందుకంటే ఏమన్నా అంటే బండిని పట్టించుకున్నట్టవుతుంది.

బాగా తెల్లారకముందే గిరిజాశంకరం గారు వస్తారు. జీపు దూరంగా ఆపి నడిచి వస్తారు. వచ్చి, అప్పు తీర్చనివాడి గుమ్మం ముందు నిలబడ్డట్టు మొహం పెట్టుకుని నిలబడతారు. ఎదర సందులో వసుంధరాదేవి గారు బస చేసిన గది కిటికీ ఉంటుంది. అది తెరిచే ఉంటుంది. ఆమధ్య ఒక రోజు ఆవిడ తనే దిగి వచ్చింది. తనిఖీ అని చెప్పి ఒక ముక్క తింది, గోడ వైపు తిరిగి రెండోది తింది, ఏమీ రాసుకోకుండా వెళ్లిపోయింది.

ఈవేళ కూడా రొట్టె ఎర్రగా కాలింది. కమిషనరు గారు మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నారు. కళ్లు వాటంతటవే మూతపడ్డాయి.

"బావూ," అంది పైడితల్లి కంగారుగా, గొంతు తగ్గించి. "మొకం, మొకం."

ఆయన గతుక్కుమని కళ్లు తెరిచి కనుబొమలు దగ్గరికి లాక్కున్నారు.

"ఇంకా బిగించండి బావూ," అన్నాడు సింహాచలం పక్క బండిలోంచి. "నోరు జారి బాగుందని మాత్రం అనకండి. మా అప్ప కొంప మునిగిపోద్ది."

"నాకేమీ అనిపించడం లేదు," అన్నారు గిరిజాశంకరం గారు కిటికీ వైపుకి వినపడేలా. మొహం మరింత మాడ్చుకుని, ఖాళీ అడ్డాకు మళ్లీ ముందుకు చాపారు.